ఇంట్లో ఏ వస్తువుకు ఎంత కరెంటు? తొమ్మిదో తరగతి ప్రాజెక్టు కోసం కొలిచే పద్ధతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీ అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఇంట్లో ఏ వస్తువు ఎంత కరెంటు వాడుతుందో కనుక్కోవడం తన సైన్స్ ప్రాజెక్టు. మూడు వారాల టైముంది. ఇంట్లో ఒక మల్టీమీటర్ ఉంది. దాంతో కొలవవచ్చా, లేక వస్తువుల మీద రాసిన వాట్లను గంటలతో గుణిస్తే సరిపోతుందా అని అడిగారు.

మల్టీమీటర్ వద్దండీ. దాన్ని మళ్లీ లోపల పెట్టేయండి. ఎందుకో చివర్లో వివరంగా చెబుతాను. ఇక వాట్లను గంటలతో గుణించే పద్ధతిలో కొలత అనేదే లేదు, అందులో ఉన్నది ఎక్కం మాత్రమే. నేను ఎలక్ట్రికల్ పనిలో ఉన్నవాణ్ని, హైస్కూల్ పిల్లల ప్రాజెక్టులకు చాలా ఏళ్లుగా సాయం చేస్తున్నాను. ప్రతి సైన్స్ ఫెయిర్‌లో అదే చార్టు కనబడుతుంది: ఫ్యాన్ 75 వాట్లు, ఫ్రిజ్ 200 వాట్లు, గీజర్ 2000 వాట్లు, పక్కన గంటలు, ఆ పక్కన యూనిట్లు. జడ్జి వచ్చి "ఫ్రిజ్ రోజంతా ఆన్‌లోనే ఉంటుంది కదమ్మా, మరి 24 గంటలూ 200 వాట్లు తీసుకుంటుందా?" అని ఒక్క మాట అడిగితే పిల్ల దగ్గర జవాబు ఉండదు. పాపం, తప్పు పిల్లది కాదు, కొలవమని ఎవరూ చెప్పలేదు.

కొలవడానికి మంచి పరికరం మీ ఇంటి గోడ మీదే ఉంది. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్లు పెట్టిన కరెంటు మీటరే అది. ఎలక్ట్రానిక్ మీటరైతే ముందువైపు ఒక చిన్న ఎర్ర లైటు బ్లింక్ అవుతూ ఉంటుంది. మీటరు మీద ఎక్కడో ఒకచోట ఒక యూనిట్‌కు ఎన్ని బ్లింకులో రాసి ఉంటుంది. 3200 అని ఉండొచ్చు, 1600 అని ఉండొచ్చు, మరో సంఖ్య అయినా కావచ్చు. ఆ సంఖ్యే మీ ప్రాజెక్టుకు తాళంచెవి. పాతకాలం చక్రం తిరిగే మీటరైనా ఇబ్బంది లేదు, దాని మీద ఒక యూనిట్‌కు చక్రం ఎన్నిసార్లు తిరుగుతుందో రాసి ఉంటుంది. చక్రం అంచు మీద ఉన్న నల్ల గుర్తును చూసి లెక్కపెట్టవచ్చు.

లెక్క తేలికే. ఒక యూనిట్ అంటే 1000 వాట్ల వస్తువు ఒక గంట పనిచేస్తే అయ్యే శక్తి. శక్తిని కొలిచే ప్రమాణమైన జౌళ్లలో చెబితే 36 లక్షలు. మీటరు మీద 3200 అని ఉంటే 36 లక్షలను 3200తో భాగించండి, 1125 వస్తుంది. అంటే లైటు ఒక్కసారి వెలిగిందంటే 1125 జౌళ్ల శక్తి ఇంట్లోకి వచ్చిందన్నమాట. 1600 మీటరైతే ఒక్కో బ్లింక్‌కు 2250 జౌళ్లు. ఇక వాట్లు కావాలంటే, బ్లింకుల సంఖ్యను 1125తో గుణించి, పట్టిన సెకన్లతో భాగించాలి. ఉదాహరణకు రైస్ కుక్కర్ ఆన్ చేశాక 10 బ్లింకులకు 16 సెకన్లు పట్టిందనుకోండి. 11250ని 16తో భాగిస్తే 703 వాట్లు. కుక్కర్ అడుగున 700 అని రాసి ఉంటే మీ అమ్మాయి మొహం వెలిగిపోతుంది.

కొలిచేటప్పుడు పిల్లలు ఎక్కువగా జారేది ఒకచోట. మొదటి బ్లింక్‌ను "ఒకటి" అని లెక్కపెట్టకూడదు. అది "సున్నా". స్టాప్‌వాచ్ నొక్కింది అప్పుడే కాబట్టి, ఆ తర్వాత వచ్చేది ఒకటి. ఈ ఒక్క పొరపాటుతో 10 బ్లింకుల కొలతలో పది శాతం తేడా వచ్చేస్తుంది. గీజర్ లాంటి పెద్ద వస్తువుకు 3200 మీటరు సెకనుకు దాదాపు రెండుసార్లు బ్లింక్ అవుతుంది, కంటితో లెక్కపెడితే తడబాటు తప్పదు. ఫోన్‌తో వీడియో తీసి, తర్వాత నిదానంగా చూసి లెక్కపెట్టండి. ప్రతి వస్తువుకూ మూడుసార్లు కొలిచి, మూడు విలువలూ పట్టికలో రాసి, సగటు పక్కన వేయించండి. మూడు విలువలూ ఒకేలా రాకపోతే దిద్దనివ్వకండి. తేడా ఎంతుందో చూపించడం కూడా కొలతలో భాగమే.

ఒక వస్తువును కొలవాలంటే మిగతావి ఆపాలి కదా, అక్కడ కొన్ని చిక్కులున్నాయి. మొదటిది ఇన్వర్టర్. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఫ్యాన్లు, లైట్లు సాధారణంగా దాని మీదుగానే వెళతాయి. మీరు ఇన్వర్టర్‌కు వచ్చే ఎంసీబీ (బోర్డులో ఫ్యూజులా పనిచేసే స్విచ్) దించేస్తే ఫ్యాన్ బ్యాటరీ మీద హాయిగా తిరుగుతూనే ఉంటుంది, మీటరు మాత్రం కదలదు. పిల్ల ఆశ్చర్యపోయి ఫ్యాన్‌కు సున్నా వాట్లని రాసేస్తుంది. దీనికి పూర్తి విరుద్ధమైన ఇబ్బంది కూడా ఉంది. కరెంటు పోయి వచ్చిన తర్వాత ఇన్వర్టర్ బ్యాటరీని ఛార్జ్ చేసుకోవడానికి బాగా లాగుతుంది. అప్పుడు కొలిస్తే ఫ్యాన్ వాటాలో బ్యాటరీ వాటా కూడా కలిసిపోతుంది. బైపాస్ స్విచ్ ఉంటే దాన్ని వాడండి. లేకపోతే కరెంటు కోత లేని రోజున, బ్యాటరీ నిండా ఛార్జ్ అయ్యాక కొలవండి. రెండోది సోలార్. ఇంటి మీద ప్యానెళ్లు, నెట్ మీటర్ ఉంటే పగటిపూట మీటరు బ్లింకులు మీ ఇంటి వాడకాన్ని చూపించవు, వాడకానికీ ఉత్పత్తికీ తేడాను చూపిస్తాయి. ఆ ఇళ్లలో కొలతలన్నీ పొద్దుగూకాకే. మూడోది, అద్దె ఇళ్లలో కొన్నిచోట్ల బోరు మోటారో మెట్ల లైటో మీ మీటరు మీదే ఉంటుంది. అన్నీ ఆపినా లైటు బ్లింక్ అవుతూనే ఉందంటే అలాంటిది ఏదో నడుస్తోందని అర్థం.

అన్నీ ఆపడం కుదరనప్పుడు తీసివేత పద్ధతి వాడొచ్చు. ముందు ఇంట్లో నడిచేవి నడుస్తుండగానే వాట్లు కొలవండి. తర్వాత కొత్త వస్తువును ఆన్ చేసి మళ్లీ కొలవండి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే ఆ వస్తువు వాటా. షరతు ఏమిటంటే, ఆ మధ్యలో ఫ్రిజ్ కంప్రెసర్ ఆన్ కావడం, ఆగడం జరగకూడదు. కొలిచే అరగంట ఫ్రిజ్ ప్లగ్ తీసేస్తే ఏమీ పాడవదు, తలుపు తెరవకుండా ఉంటే చాలు. మళ్లీ పెట్టడం మాత్రం మరిచిపోకండి.

చిన్న వస్తువులకు ఈ పద్ధతి నెమ్మది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుకు 3200 మీటరు సుమారు 125 సెకన్లకు ఒకసారి బ్లింక్ అవుతుంది. 10 బ్లింకులకు ఇరవై నిమిషాలు కూర్చోవాలి. పైగా మరీ చిన్న లోడును మీటరు అసలు పట్టించుకోకపోవచ్చు. అందుకే ఒకే రకం బల్బులు ఐదారు కలిపి వెలిగించి, వచ్చినదాన్ని భాగించండి. ఫోన్ ఛార్జర్లకూ అదే ఉపాయం.

కొంత ఖర్చు పెట్టగలిగితే ప్లగ్‌లో పెట్టే వాట్ మీటరు ఒకటి కొనండి. గోడ సాకెట్‌కూ వస్తువుకూ మధ్య పెట్టేది. వాట్లు, వోల్టులు, యూనిట్లు, పవర్ ఫ్యాక్టర్ (వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేదాంట్లో నిజమైన వాట్లు ఎంత భాగమో చెప్పే సంఖ్య) అన్నీ చూపిస్తుంది. ఫ్రిజ్, టీవీ, సెట్‌టాప్ బాక్స్ లాంటివాటికి దీన్ని మించింది లేదు. కొనేటప్పుడు 6 ఆంపియర్లదా 16 ఆంపియర్లదా చూడండి. 6 ఆంపియర్లదానికి గీజర్, ఏసీ, హీటర్ లాంటివి తగిలించకూడదు, వేడెక్కి కరిగిపోవచ్చు. పెద్ద వస్తువులకు ఇంటి మీటరు బ్లింకులే చాలు, అక్కడ అవి వేగంగా వస్తాయి కూడా. ఇది కొన్నా ముందు ఒకే వస్తువును రెండు పద్ధతుల్లోనూ కొలిచి పోల్చమనండి. రెండు స్వతంత్రమైన పద్ధతులు దగ్గరగా వచ్చాయని చూపించిన ప్రాజెక్టుకు విలువ వేరు.

ఇక అసలు విషయం. వాట్లు తెలిసినంత మాత్రాన యూనిట్లు తెలియవు. వాట్లు కొలవడానికి ఒక సాయంత్రం చాలు. ఆ వస్తువు నిజంగా ఎంతసేపు, ఏ స్థాయిలో పనిచేస్తోందో తెలుసుకోవడానికే మిగతా మూడు వారాలు కావాలి. ఇంట్లో ఉన్న వస్తువుల్లో చాలావాటికి లోపల థర్మోస్టాట్ ఉంటుంది, అది వాటిని తనంతట తానే ఆపుతూ, వేస్తూ ఉంటుంది. ఇస్త్రీ పెట్టె 1000 వాట్లదైనా గంటసేపు ఇస్త్రీ చేస్తే ఒక యూనిట్ కాలదు. వేడెక్కాక ఆగిపోయి, చల్లబడ్డాక మళ్లీ అందుకుంటుంది. పలచటి నూలు బట్టకూ సింథటిక్ చీరకూ పెట్టే వేడి వేరు కాబట్టి కరెంటూ వేరు. ఇండక్షన్ స్టవ్‌ను తక్కువ మంట మీద పెట్టి మీటరు చూడండి. చాలావాటిలో బ్లింకులు కాసేపు వేగంగా వచ్చి, కాసేపు ఆగి, మళ్లీ వేగంగా వస్తాయి. మంట తగ్గించడం అక్కడ జరిగేది అలా.

ఫ్రిజ్ దగ్గర ఎక్కువ టైం పెట్టించండి, ఎందుకంటే ఇంట్లో ఇంత ఆసక్తికరమైన వస్తువు మరొకటి లేదు. మామూలు ఫ్రిజ్‌లో కంప్రెసర్ కాసేపు నడిచి ఆగుతుంది. ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్నదైతే పూర్తిగా ఆగకుండా వేగం తగ్గించుకుని నడుస్తుంది. ఫ్రాస్ట్ ఫ్రీ రకంలో లోపల పేరుకున్న మంచు కరిగించడానికి ఒక చిన్న హీటర్ అప్పుడప్పుడూ ఆన్ అవుతుంది. మీరు కొలిచిన గంటలో అది వచ్చిందా, ఎక్కువ చూపిస్తుంది. రాలేదా, తక్కువ చూపిస్తుంది. అందుకే ఫ్రిజ్‌ను గంట కొలిచి 24తో గుణించడం తప్పు. కనీసం ఒక పూర్తి రోజు, కుదిరితే రెండు మూడు రోజులు ప్లగ్ మీటరులో వదిలేసి యూనిట్లు చదవాలి. ఆ మీటరు లేకపోతే రాత్రి అందరూ పడుకున్నాక ఇంట్లో ఫ్రిజ్, ఒక ఫ్యాన్ మాత్రమే నడిచేలా చూసుకుని, పడుకునే ముందు, పొద్దున లేవగానే మీటరు రీడింగ్ రాసి, ఫ్యాన్ వాటా తీసేయండి. రీడింగ్‌లో దశాంశాలు కనబడకపోతే ఒక్క రాత్రి తేడా సరిగ్గా తెలియదు, నాలుగైదు రాత్రులది కలపండి.

ఫ్రిజ్ మీద ఉన్న స్టార్ లేబుల్ కూడా ఫొటో తీసి పెట్టండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఈ లేబుళ్లను 2006 నుంచి ఇస్తోంది. దాని మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో ముద్రించి ఉంటుంది. 200 అని ఉంటే రోజుకు 0.55 యూనిట్ అన్నమాట. మీ ఇంట్లో అంతకంటే ఎక్కువ రావొచ్చు. లేబుల్ సంఖ్య ప్రయోగశాలలో, నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర, తలుపు మూసి ఉంచి పరీక్షించగా వచ్చింది. మన వంటింట్లో మే నెల ఎండ, పక్కనే స్టవ్, చల్లటి నీళ్ల కోసం గంటకు పదిసార్లు తలుపు తీసే పిల్లలు. ఇక్కడే మీ అమ్మాయికి అసలైన ప్రయోగం దొరుకుతుంది. ఒక రోజు మామూలుగా, ఒక రోజు తలుపు వీలైనంత తక్కువగా తీస్తూ, మరో రోజు ఫ్రిజ్‌ను గోడకు కాస్త దూరం జరిపి కొలవమనండి. వంటింటి ఉష్ణోగ్రత కూడా పక్కన రాయాలి, లేకపోతే తేడా తలుపు వల్ల వచ్చిందా ఎండ వల్ల వచ్చిందా తేల్చలేం.

ప్రాజెక్టు పేరును కూడా ఇలా ఒక ప్రశ్నగా మార్చమని నా గట్టి సలహా. "ఇంట్లో ఏ వస్తువు ఎంత" అంటే జాబితా అవుతుంది. "లీటరు నీళ్లు కాచడానికి ఎలక్ట్రిక్ కెటిల్ మేలా, ఇండక్షన్ స్టవ్ మేలా?" అంటే సైన్స్ అవుతుంది. ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఇందులో పిల్ల కొలతను పాఠంలోని సూత్రంతో సరిచూసుకోవచ్చు. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 4180 జౌళ్లు కావాలి. 28 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు తేవాలంటే 62 డిగ్రీలు, అంటే దాదాపు 2 లక్షల 59 వేల జౌళ్లు. 3200 మీటరు మీద అది 230 బ్లింకులు. ఏమాత్రం వేడి వృథా కాకపోతే అన్నీ కలిపి 230 బ్లింకుల్లో పని అయిపోవాలి. నిజంగా 270 పట్టాయనుకోండి, 230ని 270తో భాగిస్తే దక్షత 85 శాతం. మిగతాది గిన్నెను వేడి చేయడానికి, ఆవిరికి, గాలికి పోయింది. మూతతో ఒకసారి, మూత లేకుండా ఒకసారి చేయించండి. నీళ్లలో ముంచే హీటర్ రాడ్‌ను మాత్రం పిల్లల ప్రయోగంలోకి రానివ్వకండి.

గీజర్‌లోనూ ఇలాంటి మంచి పాఠం ఉంది. దాని మీద రాసిన 2000 వాట్లు 230 వోల్టుల దగ్గర మాట. పల్లెల్లో సాయంత్రాలు వోల్టేజి 200కు పడిపోతే అదే గీజర్ 1500 వాట్ల దగ్గరే పనిచేస్తుంది, ఎందుకంటే అలాంటి కాయిల్‌లో పవర్ వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. 15 లీటర్ల నీళ్లు 25 నుంచి 55 డిగ్రీలకు రావడానికి 230 వోల్టులకు సుమారు 16 నిమిషాలు పడితే 200 వోల్టులకు 21 నిమిషాలు పడుతుంది. కాలే యూనిట్లు మాత్రం రెండుసార్లూ ఇంచుమించు అంతే, అర యూనిట్ చిల్లర. వాట్లు వేరు, యూనిట్లు వేరు అని పిల్లకు ఇంతకంటే బాగా తెలిసే సందర్భం ఉండదు.

మోటారు ఉన్న ఇళ్లలో ఇంకో సంగతి. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లని పుస్తకంలో ఉంటుంది, పిల్లలు అదే వేసేస్తారు. ఆ 746 మోటారు బయటికి ఇచ్చే పని. లోపలికి తీసుకునేది అంతకంటే ఎక్కువే. బ్లింకులు లెక్కపెట్టి చూడమనండి, తేడా కళ్ల ముందే కనబడుతుంది. ఫ్యాన్‌కైతే ఒక్కో స్పీడులో ఒక్కోసారి కొలవండి. పాత పెట్టె రెగ్యులేటర్లలో స్పీడు తగ్గించినప్పుడు కొంత కరెంటు ఆ పెట్టెలోనే వేడిగా పోతుంది, ఇప్పటి ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లలో అంత పోదు. మామూలు ఫ్యాన్ పక్కన బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారు ఉన్నది) ఉంటే ఇంకా మంచిది. ఫుల్ స్పీడులో మామూలు ఫ్యాన్ 75 వాట్ల దగ్గర ఉంటే అది 30 చిల్లర దగ్గర ఉంటుంది. మిక్సీ, వాషింగ్ మెషీన్‌లకు లోపల వేసిన సరుకును బట్టి మారుతుంది కాబట్టి ఒక పూర్తి వాడకానికి మొత్తం ఎన్ని బ్లింకులో లెక్కపెట్టండి, వాట్ల జోలికి పోకండి. సెట్‌టాప్ బాక్స్‌ను రిమోట్‌తో ఆపినప్పుడూ, స్విచ్ దగ్గర ఆపినప్పుడూ ఎంతో చూడండి. రిమోట్‌తో ఆపాక కూడా 10 వాట్లు లాగుతుందనుకుంటే రోజుకు 20 గంటల చొప్పున నెలకు 6 యూనిట్లు.

గంటల లెక్కకు స్విచ్‌బోర్డు పక్కన ఒక నోటుబుక్కు, పెన్ను దారంతో వేలాడదీయండి. ఎవరు ఏది వేసినా, ఆపినా టైము రాయాలి. ఇంట్లో అమ్మ, నానమ్మ సహకరించకపోతే ఇది నడవదు, కాబట్టి వాళ్లను మొదటిరోజే ప్రాజెక్టులో చేర్చుకోండి. ఒక వారం పాటు ప్రతిరోజూ ఒకే సమయానికి ఇంటి మీటరు రీడింగ్ కూడా రాయాలి. మీటరు తెర మీద వోల్టేజి, ఆంపియర్లు, యూనిట్లు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి, యూనిట్లు వచ్చినప్పుడు ఫొటో తీస్తే గొడవ ఉండదు. వారం చివర ఒక్కో వస్తువుకు వచ్చిన యూనిట్లన్నీ కూడి, మీటరు చూపిన మొత్తంతో పోల్చండి. రెండూ పది శాతం లోపు తేడాతో కలిస్తే చాలా మంచి కొలత. కలవకపోతే ఏదో లెక్కలోకి రాలేదు. స్టెబిలైజర్, వైఫై రౌటర్, ఇన్వర్టర్, దోమల మెషీన్ లాంటివి చూడండి. ఆ తేడాను వెతికే పనే పిల్లకు అన్నిటికంటే ఎక్కువ నేర్పుతుంది.

డబ్బు లెక్క వేసేటప్పుడు యూనిట్‌కు ఇంత అని ఒకే రేటు వేయనివ్వకండి, మన దగ్గర స్లాబులున్నాయి. తెలంగాణలో 2022లో సవరించిన గృహ రేట్ల ప్రకారం నెలకు సరిగ్గా 200 యూనిట్లు వాడితే ఎనర్జీ ఛార్జీ 820 రూపాయలు. 201 వాడితే స్లాబు పట్టికే మారి 1027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ధర 200 రూపాయల పైమాటే. నెలకు 200 యూనిట్ల వరకు ఉచితంగా ఇచ్చే తెలంగాణ ప్రభుత్వ పథకం గృహజ్యోతిలో ఉన్న ఇళ్లకైతే 200 దాటితే ఆ నెల జీరో బిల్లే పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి దూకుడు లేదు, పై స్లాబు రేటు పైన వాడిన యూనిట్లకే పడుతుంది. మీ డిస్కం ప్రస్తుత రేట్లు తీసుకుని, "సెట్‌టాప్ బాక్స్ స్విచ్ ఆపితే మా ఇంటి బిల్లు ఎంత తగ్గుతుంది" అని చివరి స్లాబు రేటుతో లెక్క కట్టించండి.

ఇప్పుడు మల్టీమీటర్ సంగతి. కరెంటు కొలవాలంటే దాన్ని వైరు తెంపి మధ్యలో పెట్టాలి, అంటే 230 వోల్టుల వైరు పిల్ల చేతిలో బయటపడి ఉంటుంది. అంతకంటే ప్రమాదం, ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలో ఉంచి మరిచిపోయి సాకెట్‌లో పెట్టడం. ఆ రంధ్రంలో నిరోధం దాదాపు సున్నా, అది నేరుగా షార్ట్ సర్క్యూట్. చౌక మీటర్లలో అక్కడ ఫ్యూజ్ కూడా ఉండదు, చేతిలోనే పేలుతుంది. పోనీ వైరు తెంపకుండా దాని చుట్టూ పట్టుకారులా పెట్టే క్లాంప్ మీటరుతో ఆంపియర్లు చూసి 230తో గుణిస్తే? గీజర్‌కు సరిపోతుంది. చౌకరకం ఎల్‌ఈడీ బల్బుకు 0.07 ఆంపియర్లు చూపిస్తే 16 వస్తుంది, బల్బు నిజంగా తీసుకునేది 9 వాట్లే. పవర్ ఫ్యాక్టర్ అనేది మధ్యలో ఉంది, దాన్ని మామూలు క్లాంప్ మీటరు చూపించదు. పైగా క్లాంప్‌ను ఒక్క వైరు చుట్టూనే పెట్టాలి, వైరు పైతొడుగు చీల్చాల్సి వస్తుంది. అదీ వద్దు.

మీటరు పెట్టె తెరవడం, సీలు ముట్టుకోవడం చేయకూడదు, అది చట్టరీత్యా నేరం. బయటి నుంచి చూసి లెక్కపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీటరు ఎత్తులో ఉంటే పిల్లను స్టూలు ఎక్కించకండి, ఫోన్‌ను కర్రకు కట్టి వీడియో తీయండి. ఎంసీబీలు దించడం, ఎత్తడం మీరే చేయండి, తను చూసి రాసుకుంటుంది.

ముందు ఈ రోజే మీటరు మీద ఉన్న సంఖ్య చూసి, దాని ఫొటో, స్టార్ లేబుల్ ఫొటో తీసి పెట్టుకోండి. ఫ్రిజ్ కొలతకు రోజులు పడతాయి కాబట్టి అది మొదటి వారంలోనే మొదలవ్వాలి. నీళ్లు కాచే ప్రయోగం ఏ ఆదివారమైనా చేసుకోవచ్చు. మీ మీటరు మీద 3200, 1600 కాకుండా వేరే సంఖ్య ఉంటే ఇక్కడ రాయండి, ఒక్కో బ్లింక్‌కు ఎన్ని జౌళ్లో మీ అమ్మాయి వేసిన లెక్కతో సహా. చూసి చెబుతాను.